పలాస జీడిపప్పుతో కేలరీల కొలత: రేకు డబ్బా అడ్డు పెట్టాక

ఒక జీడిపప్పును నీళ్ల గ్లాసు కింద అడ్డు లేకుండా కాల్చినప్పుడు 100 మి.లీ. నీళ్లు 29 నుంచి 47 డిగ్రీల దాకా వేడెక్కాయి. చుట్టూ రేకు డబ్బా పెట్టాక అదే బరువు పప్పుతో 58 దాకా వెళ్లాయి. మార్చింది డబ్బా ఒక్కటే. మళ్లీ కాల్చి చూసినా ఒకటి రెండు డిగ్రీలే అటూఇటూ అవుతోంది. అందుకే ఈ 11 డిగ్రీల తేడా డబ్బా వల్లే వచ్చిందని ధైర్యంగా చెప్పొచ్చు. పలాస ఉన్న ఉద్దానంలో సముద్రపు గాలి లేచిందంటే, డబ్బా లేని మంట పక్కకు వాలిపోయి వేడంతా గాలిలో కలిసిపోతుంది.

పాలపొడి డబ్బాకు రెండు మూతలూ కోసేసి, అడుగు అంచు చుట్టూ మేకుతో పెద్ద బెజ్జాలు కొట్టాలి. బెజ్జాలు చాలకపోతే మంటకు గాలి అందక నల్లటి పొగ వస్తుంది. 50 గ్రాముల పల్చటి స్టీలు గ్లాసును బైండింగ్ వైరుతో లోపలికి వేలాడదీయాలి. పప్పుకీ గ్లాసు అడుగుకీ మధ్య 3 సెం.మీ. ఉంచండి. మరీ దగ్గరైతే చల్లటి స్టీలు తగిలి మంట సరిగా కాలదు, మసి పడుతుంది. ఎడం ఎక్కువైతే వేడి పక్కలకు పోతుంది.

సూది గుచ్చితే జీడిపప్పు బద్దలుగా విడిపోతుంది. సన్న ఇనుప తీగను గూడులా చుట్టి అందులో కూర్చోబెడితే నిలుస్తుంది. కొవ్వొత్తితో డబ్బా బయటే అంటించి, వెంటనే లోపలికి జరపాలి. గ్లాసు కిందే అంటిస్తే కొవ్వొత్తి వేడి కూడా లెక్కలో కలిసిపోతుంది. ఉప్పు వేసి వేయించిన పప్పు వద్దు, ఉప్పు కాలదు గానీ బరువులో కలుస్తుంది. వానాకాలంలో పప్పును ముందుగా ఎండబెట్టాలి, లేకపోతే అందులోని తేమ ఆవిరవడానికే కొంత వేడి ఖర్చవుతుంది. పెంకుతో ఉన్న గింజను మాత్రం ఎప్పుడూ కాల్చకండి. పెంకులోని జీడి నూనె చర్మాన్ని పొక్కిస్తుంది, పొగ కళ్లకూ ఊపిరితిత్తులకూ చెరుపు.

జీడిపప్పులో 320 రకం అంటే పౌండుకు 300 నుంచి 320 పప్పులు, ఒక్కోటి సుమారు 1.4 గ్రాములు. వంటింటి కాటా దీనికి పనికిరాదు, 0.01 గ్రాము చూపించేది కావాలి. కాలాక మిగిలిన బొగ్గు 0.2 గ్రాములు తూగింది, అంటే కాలింది 1.2 గ్రాములు. జ్వరం థర్మామీటరు వాడితే పగిలిపోతుంది. 110 డిగ్రీల ఎర్ర ద్రవం థర్మామీటరు తీసుకుని, బల్బు అడుగుకు తగలకుండా పట్టుకోవాలి. నీళ్లను కలియబెట్టాకే చూడాలి. మంట ఆరాక కూడా ఎర్ర గీత కాసేపు పైకి పోతుంది, ఆగిన చోటే రాసుకోవాలి.

లెక్క: ఒక గ్రాము నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి ఒక కేలరీ కావాలి. 100 గ్రాముల నీళ్లు, 29 డిగ్రీల పెరుగుదల, అంటే 2,900 కేలరీలు. వేడి పీల్చుకోవడంలో స్టీలు గ్లాసు 5.5 గ్రాముల నీళ్లకు సమానం, దానికి మరో 160. మొత్తం 3 కిలోకేలరీల పైచిలుకు. 100 గ్రాముల జీడిపప్పుకు సుమారు 550 కిలోకేలరీలు వేసుకుంటే, 1.2 గ్రాములకు 6.6 రావాలి. అంటే మనకు దొరికింది 46 శాతం, డబ్బా లేనప్పుడు 29 శాతం. మిగతా శక్తి మాయమైపోలేదు. కొంత వెలుగైంది, కొంత డబ్బాను వేడి చేసింది, చాలా భాగం వేడి గాలితో పైకి పోయింది. గ్లాసుకు అంటిన మసిలో ఇంకా కాలని రసాయన శక్తి ఉంది.

తర్వాత గ్లాసు మీద అట్టమూత, థర్మామీటరుకు ఒక బెజ్జంతో. డబ్బా, ఎడం, నీళ్లు, పప్పు బరువు ఏవీ మారవు. మూత ఫలితం తేలాకే వేరుశనగ.