అద్దె బస్సూ, అద్దె విమానమూ

విజయనగరం డిపోలో కండక్టరుగా చేసినన్నాళ్ళూ అద్దె బస్సుల తగువు వింటూనే ఉన్నాను. బస్సు ప్రైవేటు ఓనరుది, డ్రైవరు కూడా ఓనరు మనిషే. రంగు ఆర్టీసీది, టిక్కెట్టు కొట్టేది మేము. కిలోమీటరుకి ఇంత అని సంస్థ ఓనరుకి కడుతుంది. ఎక్కినవాడికి తేడా తెలీదు. పాలకొండ రోడ్డు గోతులు ఎవరికైనా ఒకటే. జీతం దగ్గరకొచ్చేసరికి మాత్రం మా పర్మనెంటు డ్రైవరుకీ అతనికీ పొంతన ఉండదు. అద్దె బస్సులు పెంచొద్దని యూనియన్లు చర్చలకి వెళ్ళినప్పుడల్లా పట్టుబట్టేవి.

ఇప్పుడీ సోది ఎందుకంటే, మా చెల్లెలి కూతురు పైలట్. చిన్న విమానాలు తిప్పే ఒక కంపెనీలో కోపైలట్. మొన్నటి సిరిమానుకి వచ్చింది. కూతురు లక్షలు తెస్తోందని వాళ్ళమ్మ వీధంతా చెప్పుకుంటుంటే, ఇది మేడ మీద కూర్చుని నాకు ఫోనులో రోస్టరు, అంటే డ్యూటీల పట్టిక చూపించింది.

ఒక రోజు డ్యూటీ. తెల్లారకట్ల నాలుగింటికి కారొస్తుంది. నాలుగు సెక్టార్లు, అంటే నాలుగుసార్లు ఎగరడం, నాలుగుసార్లు దిగడం. మొత్తం డ్యూటీ పదకొండు గంటలు. లెక్కలోకొచ్చేది ఐదు గంటల చిల్లర. విమానం చక్రాల కింద చెక్కలు తీసిన దగ్గర్నుంచి మళ్ళీ పెట్టేదాకానే గంటలు లెక్కట. దాన్ని బ్లాక్ అవర్స్ అంటారు.

"మరి మిగతా టైమో?"

"పాసింజర్లు దిగాలి, ఎక్కాలి, ఇంధనం బండి రావాలి. కూర్చోడమే మావయ్యా."

మాకు 1961 నాటి మోటారు ట్రాన్స్‌పోర్టు కార్మికుల చట్టం ఉండేది. రోజుకి ఎనిమిది గంటల పని, మధ్యలో విరామాలు కలుపుకున్నా మొత్తం పన్నెండు దాటకూడదు. దాన్నే స్ప్రెడ్ ఓవర్ అంటాం. ఆ మాట చెప్తే నవ్వింది. వాళ్ళకీ పరిమితులున్నాయి, డబ్బు లెక్క మాత్రం వేరు. నెలకి ఇన్ని గంటలకి జీతం గ్యారంటీ, దాటితే గంటకింత. అందుకే 2024 ఏప్రిల్లో విస్తారా పైలట్లు ఒక్కసారిగా సిక్ లీవులు పెట్టారు. ఎయిరిండియాలో కలిపేముందు గ్యారంటీ గంటల్ని 70 నుంచి 40కి దించారు మరి. గంటకి రేటు ఎంతైనా పెంచనీ, ఆ 40 అనే అంకె ఉందే, అదే నెల జీతాన్ని కోసేది.

అసలు నాకు మతి పోయింది అమెరికా సంగతి విన్నాక. అక్కడ పెద్ద కంపెనీల పేరుతో, వాటి రంగుతోనే చిన్న జెట్లు తిరుగుతాయి. నడిపేది వేరే కంపెనీ, పైలట్ల జీతం వేరే. అచ్చంగా మా అద్దె బస్సే! తేడా ఏటంటే, అక్కడి పెద్ద కంపెనీల పైలట్ల యూనియన్లు అద్దెకిచ్చే విమానం సైజుని అగ్రిమెంటులోనే రాయించుకున్నాయి. 76 సీట్లు, 86,000 పౌండ్ల బరువు, అంటే సుమారు 39 టన్నులు. అంతకు మించితే సొంత పైలట్లే నడపాలి. స్కోప్ క్లాజు అంటారు. విమానాలు తయారుచేసే బ్రెజిల్ కంపెనీ ఎంబ్రేయర్ వాళ్ళ ఈ175-ఈ2 అనే కొత్త మోడల్ ఆ బరువు దాటిపోయి వాయిదాల్లో పడింది. జపాన్ మిత్సుబిషి అయితే తన జెట్టు ప్రాజెక్టునే 2023లో మూసేసింది. ఆ కారణాల్లో ఈ క్లాజూ ఒకటి. యూనియన్ రాయించిన ఒక్క వాక్యం ఫ్యాక్టరీ దాకా వెళ్ళిందంటే, మా పాత నాయకుల్ని పిలిచి చెప్పాలనిపించింది.

నేను మురిసిపోతుంటే పిల్ల ఆపింది.

"ఏటి మావయ్యా, ఆ గీత పెద్ద జీతాలోళ్ళకి కాపలా. నాలాంటోళ్ళు గీతకి ఇవతల."

నిజమే. గీతకి ఇవతలున్న కోమెయిర్ అనే అమెరికా చిన్న కంపెనీ పైలట్లు 2001లో 89 రోజులు సమ్మె చేశారు. 2009లో అక్కడి బఫెలో ఊరి దగ్గర కోల్గన్ అనే అలాంటి కంపెనీ విమానమే కూలి 50 మంది పోయాక గానీ ఇలాంటి పైలట్ల నిద్ర సంగతీ, జీతాల సంగతీ జనానికెక్కలేదు. ఆ కోపైలట్ రాత్రంతా దేశం ఆ చివర్నుంచి ఈ చివరకి ప్రయాణించి డ్యూటీ ఎక్కింది. ఆ తర్వాత అక్కడి సర్కారు వాళ్ళు 1,500 గంటలు ఎగిరితేగానీ ఎయిర్‌లైన్లో చేరనివ్వమన్నారు. తర్వాత మనుషులు దొరక్క, 2022లో చిన్న కంపెనీలే జీతాలు ఎగేసి పెంచాయి. సమ్మె కన్నా కొరతే ఎక్కువ పనిచేసినట్టుంది.

మన దగ్గర 2025 డిసెంబరులో ఇండిగో విమానాల రద్దులప్పుడు మూడు లాంతర్ల దగ్గర టీకొట్లో కూడా అదే కబురు. విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు మన శ్రీకాకుళం ఎంపీ కదా, ప్రతివాడూ పైలట్ల రూల్సు చెప్పేవాడే. వారానికి 36 గంటల విశ్రాంతి 48 అయింది, రాత్రి లాండింగులు ఆరు నుంచి రెండుకి తగ్గాయి. దానికి సరిపడా మనుషుల్ని కంపెనీ సిద్ధం చేసుకోలేదు. జనం తిట్టింది మాత్రం కొత్త రూలుని. మా డ్రైవర్లకి రెస్టు ఇచ్చి బస్సు రద్దయినా అంతే, తిట్లు కౌంటరు దగ్గరున్న వాడికే.

భోగాపురం ఎయిర్‌పోర్టులో ఏదైనా చిన్న జెట్ల కంపెనీ బేస్ పెడితే పిల్ల ఇంటి దగ్గరే ఉంటుందని మా చెల్లెలి ఆశ. నాకంత నమ్మకం లేదు. విజయవాడ కేంద్రంగా ఎయిర్ కోస్టా 2013లో ఎంబ్రేయర్లతో మొదలై 2017లో ఆగిపోవడం చూశాం కదా. పిల్ల మాత్రం పెద్ద కంపెనీకి అప్లై చేసింది. వచ్చినా వెంటనే కదల్లేదు, 2017లో విమానయానాన్ని అదుపు చేసే సర్కారు సంస్థ డీజీసీఏ పెట్టిన రూలు ప్రకారం కోపైలట్ ఆరు నెలల నోటీసు ఇవ్వాలి, కెప్టెన్ అయితే ఏడాది. కాగితం చేతికొస్తే ముందు గ్యారంటీ గంటలున్న పేజీ నాకు వాట్సాప్‌లో పెట్టమన్నాను. జీతం అంకె తరవాత చూద్దాం.