మేనరికం చేసుకుంటే ఏమవుతుంది, చేసుకోకపోతే ఏమవుతుంది

మేనరికం గురించి మన ఇళ్ళల్లో రెండు రకాల మాటలు వినపడుతుంటాయి. "దగ్గర సంబంధం చేసుకుంటే పిల్లలు ఏదో ఒక లోపంతో పుడతారు" అని ఒకళ్ళంటే, "మా అమ్మమ్మా తాతయ్యలది మేనరికం, మా అమ్మానాన్నలదీ మేనరికమే, మాకేమైంది, అందరం గుండ్రాళ్ళలా ఉన్నాం కదా" అని ఇంకొకళ్ళు. నేను ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తాను. జెనెటిక్స్ చాప్టర్ మొదలుపెడితే చాలు, ఎవరో ఒక పిల్ల క్లాస్ అయ్యాక ఆగి "మేడమ్, మా అక్కని మా మామయ్యకి ఇద్దామనుకుంటున్నారు, పర్లేదా" అని మెల్లగా అడుగుతుంది. ఆ పిల్లకి చెప్పేదే ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నా, ఎందుకంటే ఆ ప్రశ్నకి అవుననో కాదనో ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆ పిల్లకి అన్యాయం చేసినట్టే.

ముందు అసలు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. జీన్ అంటే మన ఒంట్లో ఏ పని ఎలా జరగాలో చెప్పే ఒక సూచన అనుకోండి. ప్రతి జీన్‌కీ మనలో రెండు కాపీలు ఉంటాయి, ఒకటి అమ్మ నుంచి ఒకటి నాన్న నుంచి. ఒక కాపీ పాడైనా రెండోది పని చేస్తుంటే చాలా జీన్స్ విషయంలో మనకి ఏ ఇబ్బందీ ఉండదు, అసలు పాడైందన్న సంగతే తెలీదు. ఇలాంటివి రిసెసివ్, అలా ఒక పాడైన కాపీ మోస్తున్న మనిషి క్యారియర్. ఇక్కడ అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే క్యారియర్ కాని మనిషి భూమ్మీద లేడు, మీరూ నేనూ అందరం ఏవో కొన్ని పాడైన కాపీలు మోస్తూనే ఉన్నాం. సమస్య ఎప్పుడొస్తుందంటే భార్యా భర్తా ఇద్దరూ ఒకే జీన్‌లో పాడైన కాపీ మోస్తున్నప్పుడు, అప్పుడు పుట్టే ప్రతి బిడ్డకీ రెండూ పాడైనవే వచ్చే అవకాశం నాలుగింట ఒకటి.

క్లాసులో పిల్లల చేత ఫ్యామిలీ చార్ట్ గీయిస్తాను. మగవాళ్ళకి చతురస్రం, ఆడవాళ్ళకి సున్నా, జబ్బున్న వాళ్ళని నల్లగా నింపాలి, దగ్గర సంబంధం పెళ్లి అయితే ఇద్దరి మధ్య ఒక గీతకి బదులు రెండు గీతలు. టెక్స్ట్‌బుక్‌లో బొమ్మలు నీట్‌గా ఉంటాయి, తాతలు ఒక వరసలో, పిల్లలు ఇంకో వరసలో. మన పిల్లలు వాళ్ళ ఇంటి చార్ట్ గీస్తే అలా రాదు. మేనమామని చేసుకున్న అమ్మాయి దగ్గర భర్త రెండో వరసలో ఉంటాడు, భార్య మూడో వరసలో ఉంటుంది, గీత ఏటవాలుగా కిందకి లాగాలి, మళ్ళీ ఆ భర్త వాళ్ళ అమ్మే ఈ అమ్మాయికి అమ్మమ్మ కాబట్టి చార్ట్ తిరిగి అదే సున్నా దగ్గరికి వచ్చి మూసుకుపోతుంది. ఆ మూసుకుపోయిన చోటే ఉంది లెక్కంతా.

ఆ అమ్మమ్మలో ఒక పాడైన కాపీ ఉందనుకోండి. అది కొడుక్కి వచ్చే అవకాశం సగం. కూతురికి సగం, ఆ కూతురి నుంచి మనవరాలికి మళ్ళీ సగం, అంటే పావు. మామా మనవరాలూ ఇద్దరూ క్యారియర్లు అయ్యే అవకాశం 8లో 1, బిడ్డకి రెండూ చేరే అవకాశం దాన్ని మళ్ళీ నాలుగుతో భాగిస్తే 32లో 1. అమ్మమ్మవి రెండు కాపీలు, తాతయ్యవి రెండు, మొత్తం నాలుగు ఉన్నాయి కదా, అందుకని మేనమామ మేనకోడలు పెళ్లిలో పుట్టిన బిడ్డకి ఏ జీన్ తీసుకున్నా రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చినవి అయ్యే అవకాశం 8లో 1. మేనమామ కూతుర్నో మేనత్త కూతుర్నో చేసుకుంటే అదే లెక్క 16లో 1 వస్తుంది. పేపర్ మీద ఒకసారి వేసి చూడండి, కష్టమేం కాదు.

మరి గుండ్రాళ్ళలా ఉన్నవాళ్ళ సంగతేంటి అంటే, వాళ్ళూ నిజమే చెప్తున్నారు. ఏ చుట్టరికం లేని జంటకి కూడా పుట్టుకతో ఏదో ఒక పెద్ద లోపంతో బిడ్డ పుట్టే రిస్క్ 2, 3 శాతం ఉంటుంది, బావామరదళ్ళ పెళ్లిలో దానికి ఇంకో 2, 3 శాతం కలుస్తుంది, మేనమామ పెళ్లిలో ఇంకా ఎక్కువ. అంటే ఎక్కువ మందికి ఏమీ కాదు. కానీ ఎవరి ఇంట్లో అయిందో వాళ్ళకి శాతాలతో పని ఉండదు, వాళ్ళకి అది పూర్తిగా అయినట్టే. మన ఆంధ్రాలో జరిగే పెళ్లిళ్ళలో దాదాపు నాలుగో వంతు చుట్టరికాలే కాబట్టి, శాతం చిన్నదైనా ఆ ఇళ్ళ సంఖ్య చిన్నది కాదు.

దీన్ని మొదట్లోనే కూర్చుని లెక్క కట్టిన వాళ్ళలో మన తెలుగువాళ్ళు ఉన్నారని చాలామందికి తెలీదు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు, జె.బి.ఎస్. హాల్డేన్ అనే పేరున్న జెనెటిక్స్ శాస్త్రవేత్త ఇంగ్లండ్ వదిలి 1957లో ఇండియా వచ్చేశాక ఆయన దగ్గర శిష్యుడిగా చేరి, మీరా ఖాన్‌తో కలిసి ఆంధ్రాలో మేనరికాలు ఎన్ని జరుగుతున్నాయి, వాటి ఫలితం ఏంటి అని స్టడీ చేసి 1963లో పేపర్ వేశారు. మన ఇళ్ళ సంగతి మన మనిషే సైన్స్‌గా రాసిన పని అది, ఇంటర్ పుస్తకంలో కనీసం ఒక్క పేరా ఉండాలని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఇప్పుడు గోత్రం సంగతి. "గోత్రాలు వేరు కాబట్టి రక్తం కలవదు" అని పెద్దవాళ్ళు చాలా ధీమాగా అంటారు. గోత్రం ఒక తరం నుంచి ఇంకో తరానికి కొడుకుల ద్వారానే దిగుతుంది, అలా తండ్రి నుంచి కొడుక్కే వెళ్ళే క్రోమోజోమ్ (జీన్స్ వరసగా ఉండే పోగు) మనలో ఒక్కటే, వై క్రోమోజోమ్. 46లో ఒకటి, అదీ మగవాళ్ళలోనే. మిగతావన్నీ అమ్మ నుంచీ నాన్న నుంచీ వస్తాయి, వాటి లెక్క గోత్రంలో ఎక్కడా లేదు. మేనమామ కూతురిది మీకు వేరే గోత్రమే, కానీ మీ ఇద్దరి జీన్స్‌లో 8లో 1 వంతు ఒకటే. అదే సగోత్రీకుడు ఇరవై తరాల అవతల వాడైతే మీ ఇద్దరికీ కలిసేది దాదాపు ఏమీ ఉండకపోవచ్చు. మేనమామ కూతుర్నీ మేనత్త కూతుర్నీ చేసుకోవడం దక్షిణాది వాళ్ళ ఆచారమని బౌధాయన ధర్మసూత్రంలోనే ఉంది, అంటే అప్పటికే ఇది మన వైపు అలవాటు. 1955 హిందూ వివాహ చట్టం కూడా ఆచారం ఉన్నచోట దీన్ని ఒప్పుకుంది. ఆచారం చట్టబద్ధమే, కానీ జీన్స్‌కి గోత్రం తెలీదు.

మనకి ఇది వింతగా అనిపించొచ్చు కానీ డార్విన్‌ది కూడా మేనరికమే. సరిగ్గా మన వరసలోనే, ఆయన 1839లో పెళ్లి చేసుకున్న ఎమ్మా, ఆయన అమ్మకి సొంత తమ్ముడి కూతురు, మేనమామ కూతురన్నమాట. పది మంది పిల్లలు పుడితే ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. అందులో యానీ అనే పిల్ల పదేళ్ళప్పుడు 1851లో పోయింది, ఆ దుఃఖం ఆయన్ని జీవితాంతం వదల్లేదు. యానీది క్షయ అని ఇప్పుడు అనుకుంటున్నారు కాబట్టి అది మేనరికం వల్లే అని నేను అనను. కానీ ఆయన మాత్రం నా పెళ్లి వల్లేనా అని మథనపడ్డాడు, ఏళ్ళ తరబడి మొక్కల్ని సొంత పుప్పొడితో, వేరే మొక్క పుప్పొడితో ఫలదీకరణ చేయించి పోల్చి చూశాడు, సొంత పుప్పొడితో వచ్చిన మొక్కలు చాలావాటిలో పొట్టిగా బలహీనంగా ఉన్నాయి. 1871 జనాభా లెక్కల్లో దగ్గర సంబంధం పెళ్లిళ్ళ గురించి ఒక ప్రశ్న పెట్టమని తెలిసిన పార్లమెంట్ మెంబర్ ద్వారా అడిగించాడు కూడా, పార్లమెంట్ ఒప్పుకోలేదు. నాకు బాధనిపించేది ఏంటంటే ఆయన వెతికిన జవాబు తాళం చెవి 1866లోనే మెండెల్ బఠానీ మొక్కల పేపర్‌లో అచ్చయి ఉంది, అది ప్రపంచం కంట్లో పడింది 1900లో, అప్పటికి డార్విన్ పోయి పద్దెనిమిదేళ్ళు. ఆ వెంటనే 1902లో లండన్ డాక్టర్ గారడ్ గాలి తగిలితే మూత్రం నల్లబడే ఒక జబ్బుని చూసి, పసిబిడ్డ గుడ్డల మీద నల్ల మరకలు పడతాయి కదా దాంట్లో, ఆ పిల్లల తల్లిదండ్రులు చాలామంది దగ్గర చుట్టాలే అని గమనించాడు, మనుషుల్లో రిసెసివ్ జబ్బుని మొదట గుర్తుపట్టింది అలాగే.

ఇంకో వాదన ఉంది, ఇది చదువుకున్న వాళ్ళు చేస్తారు. వేల ఏళ్ళ నుంచి మేనరికాలు చేసుకుంటున్నాం కదా, చెడ్డ జీన్స్ ఉన్నవాళ్ళు బతక్క అవి ఎప్పుడో ఏరివేయబడి ఉంటాయి అని. ప్రకృతి వరణం అలా పని చెయ్యాలి నిజానికి, కానీ అది క్యారియర్‌ని చూడలేదు. ఒక పాడైన కాపీ జనంలో వందకి ఒకటి చొప్పున ఉందనుకుందాం, జబ్బు కనపడేది పదివేల మందిలో ఒక్కరికి, క్యారియర్లు మాత్రం యాభై మందిలో ఒకరు. అంటే ఆ పాడైన కాపీల్లో వందకి 99 ఆరోగ్యంగా ఉన్న మనుషుల్లో దాక్కుని ఉన్నాయి. జబ్బొచ్చిన వాళ్ళెవరికీ పిల్లలు పుట్టకపోయినా ఆ వందకి ఒకటి అనేది సగానికి తగ్గడానికి దాదాపు వంద తరాలు పడుతుంది, తరానికి పాతికేళ్ళు వేసుకున్నా రెండున్నర వేల ఏళ్ళు. దగ్గర సంబంధాల వల్ల కొంచెం తొందరగా జరుగుతుంది, కానీ ఈలోపు కొత్త మ్యుటేషన్లు, అంటే జీన్స్‌లో కొత్త మార్పులు, పుడుతూనే ఉంటాయి. పైగా ఆ ఏరివేత అనే మాట వెనక ఉన్నది ప్రతి తరంలో కొన్ని ఇళ్ళల్లో పోయిన పసిపిల్లలు.

సరే మేనరికం మానేశాం, బయటి సంబంధం చేసుకున్నాం, అయిపోయిందా అంటే అవ్వలేదు, నేను ఈ పోస్ట్ రాయడానికి అసలు కారణం ఇదే. మనం బయటి సంబంధం అనేది చాలాసార్లు మన కులంలో సంబంధమే. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ నుంచి తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికా నుంచి డేవిడ్ రైక్ టీమ్ కలిసి 2009లో వేసిన పేపర్‌లో తేలింది ఏంటంటే మన దేశంలో చాలా కులాలు ఒకప్పుడు కొద్దిమంది మూలపురుషులతో మొదలై, తర్వాత బయటి వాళ్ళతో దాదాపు కలవకుండా ఉండిపోయాయి. అందులో వైశ్యుల ఉదాహరణ బాగా స్పష్టంగా ఉంది, వంద తరాలకి పైగా లోపలే పెళ్లిళ్ళు, తరానికి ముప్పైలో ఒక వంతు కూడా బయటి జీన్స్ కలవలేదు. ఇప్పుడు లక్షల మంది ఉన్నారు, అయినా జీన్స్ లెక్కలో అందరూ దూరపు చుట్టాలే. 2017లో ఇంకా పెద్ద స్టడీ వచ్చింది, 263 సముదాయాలు చూస్తే 81 వాటిలో ఈ మూలపురుషుల ప్రభావం ఫిన్లాండ్ వాళ్ళకన్నా, యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదులకన్నా కూడా ఎక్కువ, అందులో తెలుగు రాష్ట్రాల కులాలూ ఉన్నాయి.

దీని ఫలితం ఆపరేషన్ థియేటర్లో కనపడుతుంది. మత్తు డాక్టర్లు గొంతులో ట్యూబ్ వెయ్యడానికి కండరాలు వదులయ్యేలా స్కోలిన్ అని ఒక మందు ఇస్తారు, దాన్ని రక్తంలో ఉండే ఒక ఎంజైమ్ కొద్ది నిమిషాల్లో విరగ్గొట్టేస్తుంది, మనిషి మళ్ళీ తనంతట తాను ఊపిరి పీల్చుకుంటాడు. వైశ్యుల్లో కొందరికి ఆ ఎంజైమ్ జీన్ రెండు కాపీలూ మారిపోయి ఉంటాయి, వాళ్ళకి ఆ మందు గంటల తరబడి దిగదు, వెంటిలేటర్ మీద పెట్టి కాపాడుకోవాలి. ఇంకే జబ్బూ ఉండదు, జీవితమంతా హాయిగా ఉంటారు. ఆ మందు వాడకంలోకి వచ్చిందే 1950ల్లో, అంతకుముందు ఆ మ్యుటేషన్ వల్ల ఎవరికీ ఏ నష్టం లేదు కాబట్టి ప్రకృతి దాన్ని పట్టించుకోలేదు, చిన్న సముదాయంలో అలా పెరిగిపోయింది. అందుకే కొందరు మత్తు డాక్టర్లు ఆపరేషన్‌కి ముందు కులం అడుగుతారు, అది విని నొచ్చుకోకండి, తెలిస్తే వేరే మందు ఇస్తారు, అంతే.

ఇంత రాశాక ఒక్క విషయం చెప్పకుండా ఉండలేను. బిడ్డకి రిసెసివ్ జబ్బు వచ్చిందంటే కాపీ ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. సగం సగం. అయినా "మీ అమ్మాయి వల్లే" అని కోడల్ని అన్న ఇళ్ళు నాకు తెలుసు, అదీ కూతురి కూతుర్నే ఏరికోరి కోడలిగా తెచ్చుకున్న ఇంట్లో, అంటే ఆ పాడైన కాపీ అలా అంటున్న అత్తగారి నుంచే రెండు దారుల్లో దిగి ఉండొచ్చు. ఆ అత్తగారి తప్పూ కాదు. ఇంకోటి, మొదటి బిడ్డకి వచ్చింది కాబట్టి తర్వాత ముగ్గురికీ రాదు అనుకోవద్దు, ప్రతి కాన్పుకీ మళ్ళీ నాలుగింట ఒకటే.

న్యూయార్క్‌లో జోసెఫ్ ఎక్‌స్టీన్ అనే యూదు మతగురువు టే-సాక్స్ అనే రిసెసివ్ నరాల జబ్బుతో నలుగురు పిల్లల్ని పోగొట్టుకుని 1980ల్లో ఒక పద్ధతి మొదలుపెట్టాడు, స్కూల్లో ఉన్నప్పుడే పిల్లలకి రక్తపరీక్ష చేసి పేరుకి బదులు ఒక నంబర్ ఇస్తారు, సంబంధం వచ్చినప్పుడు రెండు వైపుల వాళ్ళూ నంబర్లు చెప్పి అడిగితే కలుస్తాయా కలవవా అన్నదొక్కటే చెప్తారు. ఎవరు క్యారియరో ఊరంతా తెలియాల్సిన పని లేదు, అమ్మాయి మీద మాట పడదు. వాళ్ళల్లో ఆ జబ్బు దాదాపు కనపడకుండా పోయింది. పెద్దలు కుదిర్చే పెళ్లిళ్ళు, జాతకాలు చూసే అలవాటు ఉన్న మనకి ఇంతకన్నా సులువుగా అతికే పద్ధతి ఇంకోటి ఉండదు. మొదలుపెట్టాలంటే తలసీమియా అనే రిసెసివ్ రక్తం జబ్బుకి క్యారియర్ పరీక్ష ఉంది, మామూలు ల్యాబుల్లోనే చేస్తారు, హిమోగ్లోబిన్ ఎ2 అనే లైన్‌లో 3.5 శాతం దాటితే డాక్టర్‌కి చూపించాలి, ఇద్దరికీ దాటితే పిల్లల గురించి ఆలోచించే ముందే వెళ్ళాలి.

ఇప్పటికే మేనరికం చేసుకున్నవాళ్ళు భయపడిపోకండి, ముఖ్యంగా ఇంట్లో ఇంతకుముందు ఏ జబ్బూ కనపడకపోతే. ఏదైనా ఉంటే మాత్రం గర్భం రాకముందే జెనెటిక్స్ డాక్టర్ని కలవండి, హైదరాబాద్ నిమ్స్‌లో ఆ డిపార్ట్‌మెంట్ ఉంది. వెళ్ళేటప్పుడు పాత రిపోర్టులన్నీ తీసుకెళ్ళండి. అలాంటి జబ్బుతో పుట్టిన బిడ్డ చాలా సీరియస్‌గా ఉన్న సమయంలో ఇది అడగడం ఎంత కష్టమో తెలుసు, అయినా ఆ బిడ్డ రక్తం నుంచి డీఎన్ఏ తీసి దాచిపెట్టమని డాక్టర్‌ని అడగండి, ఎందుకంటే ఏ జీన్‌లో తేడా ఉందో అందులోంచే తెలిసేది, అది తెలిస్తేనే తర్వాతి కాన్పులో మూడో నెలలోనే పరీక్ష చేసి చెప్పగలరు.