రంజాన్ నెలలో గల్ఫ్ విశ్వాసుల కోసం ప్రార్థన: ముందు గడియారం చూడండి

ఈ మధ్య ఈస్టరుకు ముందు వచ్చే మన శ్రమల కాలం, రంజాన్ నెల కలిసి వస్తున్నాయి. 2026లో శ్రమల కాలం మొదలయ్యే భస్మ బుధవారం ఫిబ్రవరి 18న వచ్చింది, సౌదీలో రంజాన్ ఉపవాసాలు కూడా అదే రోజు మొదలయ్యాయి. 2027లో భస్మ బుధవారం ఫిబ్రవరి 10. రంజాన్ ఉపవాసాలు దానికి ఒకటి రెండు రోజుల ముందే మొదలవ్వాలి. అంటే మన సంఘాల్లో ఉపవాస కూటాలు జరిగే రోజుల్లోనే గల్ఫ్‌లో మనవాళ్లు ఏడాది మొత్తంలో అతి బరువైన నెల గడుపుతుంటారు. కూటంలో వాళ్లకు దక్కేది మాత్రం తరచుగా ఒక్క వాక్యం: "గల్ఫ్ దేశాల్లో ఉన్న మీ బిడ్డలను కాపాడండి తండ్రీ." ఆ వెంటనే తర్వాతి అంశం. కువైట్ ఇంట్లో వంట చేసే చెల్లికీ, రియాద్‌లో డ్రైవరుగా ఉన్న తమ్ముడికీ, దుబాయ్ ఆఫీసులో అకౌంట్లు చూసే అన్నకీ ఆ నెల ఒకేలా ఉండదు. ప్రార్థన కూడా ఒకేలా ఉండకూడదు.

ముందు గంటల లెక్క. మనకంటే కువైట్, సౌదీ, ఖతార్, బహ్రెయిన్ రెండున్నర గంటలు వెనక, యు.ఎ.ఇ., ఒమాన్ గంటన్నర వెనక. ఫిబ్రవరి నెలాఖరులో కువైట్‌లో సూర్యాస్తమయం సాయంత్రం 5:45 ప్రాంతంలో, అంటే మనకు రాత్రి 8:15. ఇఫ్తార్, అంటే ఉపవాసం విడిచే భోజనం, అప్పుడే. ఇంటి పనిలో ఉన్నవాళ్లకు దానికి ముందు మూడు గంటలు ఊపిరాడదు: సమోసాలు వేయించాలి, సూపు కాచాలి, హరీస్ (గోధుమ, మాంసం జావ) కలియబెట్టాలి, ఖర్జూరాలు, జ్యూసులు, పళ్లేలు సర్దాలి. అవి మనకు సాయంత్రం 5:15 నుంచి 8:15 వరకు. ఇక్కడ కుటుంబ ప్రార్థన ముగించుకుని తీరిగ్గా ఫోన్ చేసేది కూడా ఆ వేళలోనే. వంటింట్లో ఉన్న చెల్లి ఎత్తదు, ఎత్తినా రెండు మాటల్లో పెట్టేస్తుంది, ఇక్కడివాళ్లు "మారిపోయింది" అనుకుంటారు. మారిందేమీ లేదు, చేతిలో నూనె గరిటె ఉంది.

ఇఫ్తార్‌తో పని అయిపోదు. గిన్నెలు తోమాలి, మగవాళ్లు తరావీహ్ నమాజుకు వెళ్లి వచ్చాక చుట్టాలు వస్తారు, కువైట్‌లో అర్ధరాత్రి విందులు నడుస్తాయి, తెల్లవారుజామున సహూర్ (ఉపవాసం మొదలయ్యే ముందు భోజనం) పెట్టాలి. ఆ నెలలో చాలా ఇళ్లు ఉదయం ఆలస్యంగా నిద్రలేస్తాయి. కాబట్టి మాట్లాడాలంటే వాళ్ల ఉదయం 9, 10 గంటలు, అంటే మనకు 11:30 నుంచి 12:30 మధ్య, కొంత మేలు. అదీ ఆమెకు దొరికే నిద్రలోంచి తీసుకునే సమయమే. ముందు ఒక మెసేజ్ పెట్టి, ఆమె పిలిస్తేనే మాట్లాడండి.

గొలుసు ప్రార్థన (వంతులవారీగా సాగే ప్రార్థన) పెట్టే సంఘాలకు నా సూచన ఇది. ఇరవై నాలుగు గంటలూ నింపాలని చూసి మూడో వారానికి చేతులెత్తేయకండి. రోజుకు రెండు ఘడియలు చాలు. సాయంత్రం 6 నుంచి 8 మధ్య పదిహేను నిమిషాలు వంటింట్లో ఉన్నవాళ్లకూ రోడ్డు మీద ఉన్నవాళ్లకూ. ఇఫ్తార్‌కు అందుకోవాలని అందరూ తొందరపడే వేళ అది, డెలివరీ బండ్ల మీద తిరిగేవాళ్లకు అపాయం. ఉదయం 5:30కు మరో పది నిమిషాలు, సహూర్ సర్దుతున్నవాళ్ల కోసం. ఈ వేళలు ఫిబ్రవరి, మార్చి నెలలకు సరిపోతాయి. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి ప్రతి ఏడూ ఆ దేశపు సూర్యాస్తమయం చూసుకుని మళ్లీ లెక్క వేయాలి.

ఏమని అడగాలి? మొదట దేహం గురించి అడగండి. నిద్ర, కాళ్లు, నడుము, కాలిన చేతులు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ఈ నెల నిజంగా చిక్కు: ఇంట్లో భోజనాల వేళలు రాత్రికి మారిపోతాయి, మాత్ర మాత్రం పాత వేళకే వేసుకుంటారు. కొన్ని రకాల షుగర్ మాత్రలు వేసుకుని ఏమీ తినకపోతే చక్కెర ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరుగుతాయి. ప్రార్థించేవాళ్లు "మాత్ర ఏ వేళకు వేసుకుంటున్నావమ్మా" అని ఒక్క మెసేజ్ పెట్టి, డాక్టరును అడిగి వేళ మార్చుకోమని చెప్పడం కూడా ఆ ప్రార్థనలో భాగమే.

తర్వాత తిండి. కువైట్‌లో 1968 నాటి 44వ చట్టం ప్రకారం రంజాన్ పగటివేళ బహిరంగంగా తినడం, తాగడం నేరం. 100 దీనార్ల దాకా జరిమానా, నెల దాకా జైలు. ఇది ముస్లిములు కానివాళ్లకూ వర్తిస్తుంది. బస్టాపులో మంచినీళ్ల సీసా ఎత్తినా చిక్కే. చట్టం చెప్పేది బహిరంగ స్థలం గురించి. ఇంట్లో, వంటింటి మూల, ఎవరి ఎదుటా కాకుండా తినవచ్చు. కొందరు చెల్లెళ్లు భయంతోనో మొహమాటంతోనో రోజంతా పస్తుండి, దాన్నే ఉపవాసం అనుకుంటారు. మత్తయి 6:16-18లో ప్రభువు చెప్పిన ఉపవాసం ఇష్టపూర్వకంగా తండ్రి ఎదుట చేసేది. యజమాని భయంతో మాడిన కడుపును ఆ లెక్కలో వేయకూడదు. శ్రమల కాలం కదా అని ఆ పన్నెండు గంటల చాకిరీ మీద ఇంకో ఉపవాసం పెట్టమని ఇక్కడినుంచి సలహా ఇచ్చే పాస్టరు గారూ, దయచేసి ఆగండి.

పని గంటల విషయంలో దేశాలను బట్టి ప్రార్థన మారాలి. సౌదీ కార్మిక చట్టం రంజాన్‌లో పనిని రోజుకు 6 గంటలకు తగ్గించింది, కానీ ముస్లిం ఉద్యోగులకు మాత్రమే. క్రైస్తవుడైన తమ్ముడు అవే గంటలు పనిచేస్తూ, ముందు వెళ్లిపోయినవాళ్ల పని కూడా మోయాల్సి రావచ్చు. యు.ఎ.ఇ. ప్రైవేటు కంపెనీల్లో రెండు గంటల తగ్గింపు మతంతో పని లేకుండా అందరికీ ఉంటుంది. కువైట్ ఇంటిపనివాళ్లకు 2015 నాటి 68వ చట్టం రోజుకు 12 గంటల గరిష్ఠ పరిమితి, వారానికి ఒక సెలవు ఇచ్చింది. రంజాన్‌లో మొదట ఎగిరిపోయేది ఆ సెలవే. ఆ సెలవు పోతే ఆమెకు ఆరాధన కూడా పోతుంది. కువైట్ సిటీలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలోనో, దోహాలో మెసైమీర్ చర్చిల సముదాయంలోనో శుక్రవారం ఆరాధనకు వెళ్లేవాళ్లు ఆ నెలంతా వెళ్లలేకపోవచ్చు. సౌదీలో అసలు చర్చి భవనమే లేదు. "వారానికి ఒక్కరోజు తలుపు తెరుచుకోవాలి" అని పేరు పేరునా అడగండి. ఫలానా ఇంటి మామ (అక్కడ యజమానురాలిని అలా పిలుస్తారు, యజమానిని బాబా అని) మనసు మెత్తబడాలని అడగండి. బాబా, మామల పేర్లు కూడా ప్రార్థనలో రావాలి. ఆమె రోజు ఎలా గడుస్తుందో వాళ్ల చేతిలోనే ఉంది మరి.

ఎక్కువ ఇబ్బంది తెచ్చేది మన ఉత్సాహం. కూటంలో ఆమె ఫోటో తెర మీద వేసి, ఊరు, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) పేరు, "అక్కడ రహస్యంగా సువార్త చెబుతోంది" అన్న మాట ప్రత్యక్ష ప్రసారంలో చెప్పేస్తారు. చాలా గల్ఫ్ దేశాల్లో ముస్లిములకు మతప్రచారం చేయడం నిషేధం. ఆ వీడియో ఒక వాట్సాప్ ఫార్వర్డుతో అదే నగరానికి చేరుతుంది. ఇకామా (నివాస అనుమతి) రద్దయి ఇంటికి పంపేస్తే అప్పు తీర్చాల్సింది ఆమె కుటుంబమే, ప్రసారం చేసినవాళ్లు కాదు. గ్రూపుల్లో మొదటి పేరు కూడా వద్దు. "కువైట్ చెల్లి, వంట పని, నడుము నొప్పి" అని రాస్తే సరిపోతుంది, దేవునికి చిరునామా తెలుసు. అక్కడి సంఘం కోసం చందాలు పోగుచేయమని వాళ్లకు మెసేజ్‌లు పంపకండి, యు.ఎ.ఇ.లో లైసెన్సు లేకుండా విరాళాలు అడగడం నేరం.

సాక్ష్యం సంగతి 1 పేతురు 3:15లోనే ఉంది: అడిగినవారికి, సాత్వికంతో. ఇఫ్తార్ బల్ల దగ్గర "నువ్వు ఉపవాసం ఎందుకు ఉండవు, మీ ఉపవాసం ఎలా ఉంటుంది" అని పిల్లలో, ముసలమ్మో అడుగుతారు. రెండు వాక్యాల్లో నెమ్మదిగా చెప్పగల జవాబు ఆమె నోట ఉండాలని ప్రార్థించండి. కరపత్రాలు పంచే ధైర్యం ఇవ్వమని అడగకండి.

ఇస్లాం నుంచి క్రీస్తును నమ్మినవాళ్లకు ఈ నెల ఇంకా కష్టం. ఇంట్లో అందరూ ఉపవాసం ఉన్నప్పుడు తింటే నిలదీస్తారు, ఉంటే లోపల మనసు నలుగుతుంది. ఉండాలా వద్దా అన్నది దూరంగా కూర్చుని మనం తీర్చాల్సిన విషయం కాదు, రోమా 14 వాళ్ల చేతికే ఇచ్చింది. వాళ్లకోసం వివేకం, ఒక్క తోటి విశ్వాసి స్నేహం అడిగితే చాలు.

మాటలు దొరకనివాళ్లు ఇలా మొదలుపెట్టవచ్చు: "తండ్రీ, ఈ ఘడియలో పొయ్యి దగ్గర నిలబడి ఉన్న నీ కుమార్తె కాళ్లకు బలము దయచేయుము. ఆమె ఆకలి నీకు తెలుసు, ఎవరి కంటా పడకుండా నాలుగు ముద్దలు తిననిమ్ము. ఆ ఇంటివారి ఉపవాసమును చులకన చేయని మనసు ఆమెకును మాకును ఇమ్ము. వారి హృదయములలో ఆమె పట్ల కనికరము పుట్టించుము. ఈ రాత్రి ఆమెకు నాలుగు గంటలైనా నిద్ర ఇమ్ము. యేసు నామమున, ఆమేన్."

చివరి పది రాత్రులు వచ్చేసరికి ఇక్కడి గొలుసు సడలుతుంది, అక్కడ మాత్రం అప్పుడే పని పెరుగుతుంది. లైలతుల్ ఖద్ర్ (ఖురాన్ దిగివచ్చిందని ముస్లిములు నమ్మే రాత్రి) అని ముఖ్యంగా 27వ రాత్రి మసీదులు తెల్లవార్లూ నిండి ఉంటాయి, ఇళ్లలో దీపాలు ఆరవు. వెంటనే ఈద్ శుభ్రాలు, మిఠాయిలు, చుట్టాలు. నెల 29 రోజులో 30 రోజులో చివరి సాయంత్రం దాకా తెలియదు కాబట్టి జాబితాను 30 రోజులకు వేసి, ఈద్ మూడు రోజులు కూడా కలపండి. మీ సంఘంలో నమ్మకంగా నిలబడేవాళ్లను మొదటి వారానికి కాక ఆ చివరి రోజులకే కేటాయించండి.