డెల్టాలో తడి చెత్త ఎరువు: డ్రమ్ములో రెండు విడతలు, నా అనుభవం

వంటింటి చెత్తతో ఎరువు చేయడం గురించి ఎవరిని అడిగినా ముందు చెప్పేది ఒకటే: పెరట్లో రెండడుగుల గొయ్యి తియ్యండి. మెట్ట ఊళ్లలో సరిపోతుంది. కోనసీమలో జూన్‌లో కాలువలకు నీళ్లొదిలి, పైన నాలుగు వానలు పడ్డాక ఆ గొయ్యి బురద గుంటే. నల్లమట్టి నీటిని తొందరగా కిందికి దింపదు, పైగా అడుగునుంచి ఊట. నీళ్లలో మునిగిన చెత్త కుళ్లుతుంది గానీ చివకదు. రెండూ ఒకటనుకుంటారు, కావు. చివకడానికి గాలి ఉండాలి. మనకు నీటికి కొదవలేదు, కుప్పలోకి గాలి వెళ్లడమే కష్టం. కింద చెప్పే పనులన్నీ ఆ గాలి కోసమే.

మొదట వారం రోజులు చెత్త తూచాను. నలుగురున్న ఇంట్లో రోజుకు ముప్పావు కిలో నుంచి కిలో దాకా తేలింది. గేదె ఉన్న ఇంట్లో అంత మిగలదు. బియ్యం కడుగు, గంజి, అరటి తొక్కలు, కూరగాయల చెక్కు అన్నీ కుడితిలోకి పోతాయి. అంతకు మించిన పద్ధతి లేదు. కుడితి తొట్టి ఉన్నవాళ్లు డ్రమ్ము కొనక్కర్లేదనే నా ఉద్దేశం.

లేనివాళ్లకు 200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు కావాలి. ఒకటి నిండుతుంటే రెండోది మాగుతూ ఉంటుంది. రొయ్యల చెరువుల దగ్గర పాతవి చవగ్గా దొరుకుతాయి. లోపల ఇదివరకు ఏం పోశారో తెలియకపోతే మాత్రం ముట్టుకోకండి, మందులు పోసిన డ్రమ్ము ఎంత తోమినా పనికిరాదు. చుట్టూ జానెడుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల బెజ్జాలు వేశాను, డ్రమ్ముకు నలభై అయిదు వచ్చాయి. అడుగున మరో ఎనిమిది. బయట దోమతెర గుడ్డ చుట్టి తాడు కట్టాలి, లేకపోతే ఆ బెజ్జాల్లోంచే ఈగలు దూరతాయి. డ్రమ్ము నేలమీద ఆనకుండా నాలుగు ఇటుకల మీద నిలబెట్టి, అడుగున అర అంగుళం కన్ను ఇనుప మెష్ పరిచాను. అది పందికొక్కుల కోసం. మధ్యలో నిలువునా నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క, ఒళ్లంతా బెజ్జాలతో. ఈ పైపు లేకుండా కూడా చేయొచ్చంటారు గానీ వానాకాలంలో కుప్ప నడుమకు గాలి అందించేది అదే.

ఇక పొడి సరుకు. అసలు కథంతా ఇక్కడే ఉంది. తడి చెత్తలో నత్రజని, నీరు ఎక్కువ. దానికి జోడీగా కర్బనం ఉన్న పొడి పదార్థం వేయకపోతే రెండు రోజుల్లో కంపు మొదలవుతుంది. అంబాజీపేట వైపు పీచు తీసే యూనిట్ల దగ్గర కొబ్బరి పొట్టు గుట్టలుగా పడి ఉంటుంది, కడియపులంక నర్సరీల వాళ్లు మొక్కల కుండీల్లోకి వాడేదీ అదే. అది దొరికింది కదా అని మొదటి డ్రమ్ములో పొట్టు ఒక్కటే వేశాను. మూడో వారానికి కుప్ప జానెడు కుంగింది. చేత్తో తవ్వితే పైన పొడిపొడిగానే ఉంది, మూరెడు లోతున మాత్రం నల్లటి ముద్ద, కోడిగుడ్డు మురిగిన వాసన. కారణం ఏమిటంటే, పొట్టు తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్లు పీల్చుకుంటుంది, పీల్చుకున్నాక సన్నటి నలుసులన్నీ ఒకదానికొకటి అంటుకుని సందు లేకుండా పేరుకుంటాయి. పైగా పొట్టులో లిగ్నిన్ ఎక్కువ, అది తొందరగా చివికే రకం కాదు.

రెండో విడతలో మిశ్రమం మార్చాను: కొబ్బరి పొట్టు రెండు పాళ్లు, రెండంగుళాల ముక్కలుగా నరికిన ఎండుగడ్డి గానీ ఎండు మామిడాకులు గానీ ఒక పాలు, మిల్లు ఊక ఒక పాలు. ఊకలో సిలికా ఉంటుంది కాబట్టి అది ఓ పట్టాన చివకదు, చివరిదాకా అలాగే కనపడుతుంది. అయినా వేయండి, సందులు నిలబెట్టేది అదే. గడ్డి సార్వా (ఖరీఫ్ వరి) కోతలప్పుడే రెండు మోపులు తెచ్చి చూరుకింద దాచుకుంటే ఏడాదికి సరిపోతుంది. యంత్రంతో కోసిన చేలో మిగిలిన గడ్డయినా ఫర్వాలేదు, తగలబెట్టకముందే తెచ్చుకోవాలి.

పొట్టు వాడేముందు కడగాలి. ఉప్పునీటి కయ్యల్లో నానబెట్టిన కొబ్బరి డొక్కల పొట్టయితే ఉప్పు ఉంటుంది, మామూలు పొట్టులోనూ మొక్కకు పడని చేదు రసం ఉంటుంది. గోనెసంచిలో పోసి తొట్టిలో ఒక రాత్రి ముంచి, నీళ్లు పారబోసి, మళ్లీ ముంచాలి. మొదటి నీళ్లు టీ డికాషన్ రంగులో ఉంటాయి. మూడోసారికి పలచబడితే చాలు. తర్వాత బాగా ఎండబెట్టాలి.

డ్రమ్ము అడుగున జానెడు ఎత్తున కొబ్బరి డొక్కల ముక్కలు, ఎండు పుల్లలు. దాని మీద రోజూ చెత్త ఒక డబ్బా అయితే పొడి మిశ్రమం ఒకటిన్నర డబ్బా, వానల్లో రెండు. పైన ఎప్పుడూ పొడే కనపడాలి, చెత్త కాదు. చెత్త అంగుళం ముక్కలుగా ఉంటే తొందరగా చివుకుతుంది. అరటి బోదె, బీర తొక్క లాంటివి కత్తితో తరగాల్సిందే. అడుగు ఎత్తు నిండినప్పుడల్లా అయిదు లీటర్ల నీళ్లలో కిలో పచ్చిపేడ కలిపి, అందులోంచి లీటరు చిలకరించాను. బెల్లం, పుల్ల మజ్జిగ కలపమంటారు. కలిపీ చూశాను, కలపకుండానూ చూశాను, నాకు తేడా కనపడలేదు. పేడ దొరక్కపోతే పాత ఎరువు రెండు దోసిళ్లు చాలు.

వారానికోసారి పైపు పక్కనుంచి కర్ర దించి కుళ్లగించాలి. అయిదారు రోజులకు నడుమ చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది, నా డ్రమ్ములో ధర్మామీటరు 52 డిగ్రీల దాకా చూపించింది. డ్రమ్ము చిన్నది కాబట్టి పెద్ద కుప్పలంత వేడి ఆశించకండి. అసలు వెచ్చబడకపోతే పచ్చిసరుకు తక్కువైనట్టు, లేదా నీరు ఎక్కువైనట్టు. ఏదో తెలుసుకోవడానికి గుప్పెడు తీసి గట్టిగా పిండాలి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనపడి ఆగిపోతే సరిగ్గా ఉంది. ధార కడితే పొడి వేసి కుళ్లగించాలి. గుప్పిట విప్పగానే పొడిపొడిగా రాలిపోతే గ్లాసెడు నీళ్లు చల్లాలి. ఆ అవసరం మాకు ఏప్రిల్, మే నెలల్లోనే వచ్చింది.

కోడిగుడ్డు మురిగిన వాసనయితే గాలి లేదని, ముక్కుకు ఘాటుగా అమ్మోనియా వాసనయితే నత్రజని ఎక్కువైందని. రెంటికీ మందు ఒకటే, పొడి మిశ్రమం కలిపి తిరగెయ్యడం. బూడిద వెయ్యమని చెప్తారు. గుప్పెడు మించితే అమ్మోనియా ఇంకా ఎక్కువగా గాల్లోకి పోతుంది, పోయేది మన ఎరువులో బలమే. గోధుమరంగులో చదునుగా, లావుగా పురుగులు కనపడితే భయపడక్కర్లేదు, అవి చెత్తను గబగబా తినేస్తాయి. నచ్చకపోతే చేటలో వేసి కోళ్ల ముందు పెట్టండి. తెల్లటి సన్న పురుగులు ఇంటి ఈగలవి, అవి వచ్చాయంటే పైన పొడి చాలలేదు.

రొయ్యల పెంకులు, చేప పొలుసు ఈ ప్రాంతంలో తప్పవు. వేయొచ్చు, కానీ ఒకరోజు గిన్నెడు మించకుండా, కుప్ప నడుమ గుంట చేసి, పైన జానెడు పొట్టు కప్పాలి. కప్పకపోతే రాత్రికల్లా పిల్లులు మూత మీదే ఉంటాయి. ఉప్పుచేప ముక్కలు, పచ్చడి అడుగులు అసలు వద్దు. ఆ ఉప్పు చివరికి కుండీలోకే చేరుతుంది. ఆవకాయ రోజుల్లో టెంకలు విడిగా ఎండబెట్టి పొయ్యిలోకి వాడుకోవడం మేలు, డ్రమ్ములో ఏడాదైనా అలాగే ఉంటాయి.

అడుగున కారే నల్లటి నీరు పళ్లెంలో పట్టి, ఒక పాలుకు పది పాళ్ల నీళ్లు కలిపి అరటి మొదట్లో పోశాను. పంట బోదెలోకి, కాలువలోకి వదలకండి. రోజూ గ్లాసు కంటే ఎక్కువ కారుతుంటే లోపల తడి ఎక్కువని.

డ్రమ్ము నిండాక మూత పెట్టి, పదిహేను రోజులకోసారి కలుపుతూ ఉంటే పొడి కాలంలో మూడు నెలలు, వానాకాలంలో నాలుగు నెలలు పట్టింది. ఎత్తు మూడో వంతుకు దిగుతుంది. అయిందో లేదో తెలియాలంటే తడి ఎరువు గుప్పెడు కవర్లో వేసి మూడు రోజులు మూతి కట్టి ఉంచాలి. విప్పినప్పుడు తొలకరి మట్టి వాసన రావాలి. ఇంకో పరీక్ష, పది మెంతులు చల్లడం: ఎనిమిది మొలిస్తే వాడుకోవచ్చు, నాలుగే మొలిస్తే ఇంకో మూడు వారాలు ఆగాలి. పచ్చిగా వేస్తే అది మట్టిలో చివకడానికి మొక్కకు అందాల్సిన నత్రజనినే లాగేసుకుంటుంది, ఆకులు పసుపుబారతాయి.

పావు అంగుళం జల్లెడలో పట్టి, కుండీలకు ఒండ్రు మట్టి రెండు పాళ్లకు ఎరువు ఒక పాలు కలిపాను. కొబ్బరి చెట్లకూ సరిపోతుందా అని అడుగుతారు. ఏడాదికి మా ఇంటి నుంచి వచ్చేది వంద కిలోల లోపు. కాపు చెట్టుకు ఏడాదికి 50 కిలోల దాకా పశువుల ఎరువు వేయమంటారు కాబట్టి రెండు చెట్లకు వస్తుంది, అంతే. తోట మొత్తానికి చాలదు. జల్లెడలో మిగిలిన ముతక ముక్కలు, చివకని ఊక తీసి తర్వాతి డ్రమ్ములో డొక్కల మీద పరుస్తాను, అందులోనే ఎరువుకు కావలసిన సూక్ష్మజీవులు ఉంటాయి, మళ్లీ పేడ వెతుక్కోనక్కర్లేదు. వాయుగుండం కబురు వస్తే మూతకు తాడు కట్టి, డ్రమ్మును అరుగు మీదకు ఎక్కిస్తాను.