కొరాపుట్‌లో నీళ్లు ఎంతకు మరుగుతాయి?

శనివారం, రాత్రి

తొమ్మిదో తరగతి సైన్సు యూనిట్ టెస్టు పేపర్లు దిద్దడం ఇవాళ్టితో అయింది. మార్కులు రిజిస్టరులోకి ఎక్కించే ముందు ప్రశ్నపత్రాన్ని కూడా ఒకసారి దిద్దుకోవాలి. 40 మంది ఉన్న తరగతికి అది అరగంట పని. పేపర్లన్నీ మొత్తం మార్కుల వరసలో పేర్చి, పై నుంచి 11, అడుగు నుంచి 11 తీసుకుంటే చాలు. 40లో 11 అంటే సుమారు 27 శాతం. ఈ 27 శాతం లెక్క 1939లో అమెరికన్ మనస్తత్వవేత్త ట్రూమన్ కెల్లీ తేల్చింది. ఒక్కో ప్రశ్నకు పై కట్టలో ఎందరు సరిగా రాశారో, కింది కట్టలో ఎందరు రాశారో లెక్కపెట్టి, తేడాను 11తో భాగించాలి. 0.3 దాటితే ఆ ప్రశ్న చదివినవాణ్ణీ చదవనివాణ్ణీ వేరు చేస్తున్నట్టు. 0.2 లోపు ఉంటే అనుమానించాలి. సున్నా కిందికి పోయిందంటే ప్రశ్నలోనో, దిద్దడానికి ఇచ్చిన జవాబుల పట్టికలోనో లోపం ఉందేమో వెతకాలి.

ఇవాళ ఒకటి సున్నా కిందికే పోయింది. "నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. ఒప్పా, తప్పా?" పట్టికలో జవాబు ఒప్పు. పై కట్టలో నలుగురే ఒప్పు అన్నారు, కింది కట్టలో ఎనిమిది మంది అన్నారు. మైనస్ 0.36.

మా ఊరు, ఒడిశాలోని కొరాపుట్, సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది. సుమారు 300 మీటర్లు ఎక్కితే గాలి పీడనం తగ్గి మరిగే ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పడిపోతుంది. కాబట్టి విశాఖలో 100కి మరిగే నీళ్లు ఇక్కడ 97 దగ్గరే మరిగిపోతాయి. ల్యాబులో థర్మామీటరు చూసినవాళ్లు తప్పు అని రాశారు, పుస్తకంలో వాక్యం బట్టీ పట్టినవాళ్లు ఒప్పు అని రాశారు. "సాధారణ వాతావరణ పీడనం దగ్గర" అన్న నాలుగు మాటలు ప్రశ్నలో లేకపోయేసరికి కళ్లతో చూసి నేర్చుకున్న పిల్లలకు మార్కు పోయింది. నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మధ్య నెట్టుకొస్తున్న పిల్లలు తమ కంటికి కనబడినదాన్ని నమ్మి రాయడమే ఎక్కువ. జవాబును తిరగేసి తప్పు అన్నవాళ్లకే మార్కు ఇస్తే, పుస్తకాన్ని నమ్మినవాళ్లకు అన్యాయం. ఆ ప్రశ్నను అందరికీ తీసేసి, 25కి బదులు 24కి లెక్క కట్టడమే సరైన పద్ధతి.

అయితే ఆ 97 చూపించిన థర్మామీటరు సంగతేమిటి? దాన్నీ పరీక్షించాలి. ఐసును పొడిగా దంచి, సందులు నిండేంత మట్టుకే నీళ్లు పోసి, బల్బు పూర్తిగా మునిగేలా మూడు నిమిషాలు ఉంచితే సున్నా చూపాలి. నీళ్లు ఎక్కువైతే సున్నా పైన నిలబడుతుంది. చేపల బండి దగ్గర తెచ్చిన ఐసులో ఉప్పు తగిలి ఉంటే సున్నా కిందికి దిగుతుంది. తర్వాత ఆవిరి. బల్బును మరిగే నీళ్లలో ముంచకూడదు, నీటిమట్టానికి రెండు వేళ్ల ఎత్తున ఆవిరిలో ఉంచాలి. నీళ్లలో కరిగిన లవణాలు మరిగే ఉష్ణోగ్రతను పెంచుతాయి, పైకొచ్చే ఆవిరి మాత్రం ఆ పీడనానికి తగ్గ ఉష్ణోగ్రత దగ్గరే ఉంటుంది. ఆవిరిలో పాదరసం ఆగిన చోట 100 అని గీత పెట్టడం మైదానాల్లో చెల్లుతుందేమో గానీ, ఈ కొండ మీద అలా చేస్తే మూడు డిగ్రీల అబద్ధం గాజు మీద శాశ్వతంగా ఉండిపోతుంది.

మధ్యాహ్నం బడిలో సికిల్ సెల్ పరీక్షలు జరిగాయి. ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు అది. 2023 జులైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపువాళ్లకు చేస్తున్న పరీక్షల్లో ఇదొకటి. గొట్టంలో 2 మిల్లీలీటర్ల ద్రావణం, వేలి నుంచి 20 మైక్రోలీటర్ల రక్తం. ద్రావణంలోని సాపోనిన్ ఎర్రకణాలను పగలగొడుతుంది, సోడియం డైథయోనైట్ ఆక్సిజన్ లాగేస్తుంది. ఆక్సిజన్ పోయిన సికిల్ హిమోగ్లోబిన్ గాఢమైన ఫాస్ఫేటులో కరగదు, గొట్టం మసకబారుతుంది. అయిదు నిమిషాల తర్వాత నల్ల గీతల కార్డు ముందు పట్టి చూడాలి. గీతలు కనిపిస్తే నెగటివ్, కనిపించకపోతే పాజిటివ్.

ఎక్కడ చెడుతుందంటే, ముందు డైథయోనైట్. కలిపి నిలవ ఉంచినకొద్దీ దాని బలం తగ్గి, సికిల్ ఉన్న రక్తం కూడా తేటగా కనిపిస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన ద్రావణాన్ని చల్లగానే వాడినా ఫలితం నమ్మలేం. హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 7 గ్రాముల లోపు ఉన్న పిల్లల్లో మసక చాలదు, అలాంటివారికి రక్తం రెట్టింపు తీసుకోవాలి. ఆరు నెలల లోపు పసిపిల్లల్లో గర్భస్థ హిమోగ్లోబిన్ ఎక్కువ కాబట్టి ఈ పరీక్ష వారికి పనికిరాదు. అందుకే పొద్దున్నే ఫలితం తెలిసిన పాజిటివ్, నెగటివ్ నమూనాలతో ద్రావణాన్ని సరిచూడాలి. ఇవాళ వచ్చిన టెక్నీషియన్ అది చేశాకే పిల్లలను పిలిచాడు. చూడముచ్చటైన పని.

జయపురం నుంచి వచ్చిన ఒక తల్లి అడిగింది: "మేష్టారండీ, పాజిటివంటే మా పిల్లకి జబ్బున్నట్టేనా?" కాదు. ఈ పరీక్షకు అంత తెలియదు. ఒక్క సికిల్ జన్యువు మోస్తున్నవారికీ, రెండూ ఉండి జబ్బు పడ్డవారికీ గొట్టం ఒకేలా మసకబారుతుంది. ఆ రెంటినీ విడదీసేది హెచ్‌పీఎల్‌సీ పరీక్ష, రక్తంలో ఏ రకం హిమోగ్లోబిన్ ఎంత శాతం ఉందో చెప్పేది. ఒక్క జన్యువే ఉంటే మామూలు హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉండి, సికిల్ 35, 40 శాతం దగ్గర ఆగుతుంది. జబ్బైతే మామూలుది దాదాపు ఉండదు. మూడు నెలల్లోపు రక్తం ఎక్కించి ఉంటే అదీ తారుమారు అవుతుంది, ముందే చెప్పాలి. రెండో పరీక్ష కాగితం రాకముందే ఆడపిల్లకు జబ్బని పేరు పడితే, రేపు సంబంధం దగ్గర ఆ మాటే అడ్డొస్తుంది. ఫలితాన్ని వరసలో నిలబెట్టి పైకి చదవకూడదన్నది అందుకే.

ఏ పరీక్షైనా రెండు విధాలుగా తప్పుతుంది: లేనిదాన్ని ఉందంటుంది, ఉన్నదాన్ని లేదంటుంది. శిబిరంలో మొదటి తప్పును భరించవచ్చు, రెండో పరీక్ష దాన్ని సరిదిద్దుతుంది. నేర విచారణలో రెండోదాన్ని భరిస్తారు, నేరం సందేహానికి అతీతంగా రుజువు కాకపోతే వదిలేస్తారు. బడి పరీక్షలో ఏ తప్పును భరిస్తున్నామో మనం ఎప్పుడూ చెప్పుకోం. చెప్పుకుని తీరాలని నా పట్టుదల.

సాయంత్రం, నేరారోపణ ఉన్న పిల్లల కేసులు చూసే బాల న్యాయ మండలి నుంచి లేఖ వచ్చింది, ఒక పిల్లవాడి పుట్టిన తేదీకి రుజువు కావాలట. 2015 బాల న్యాయ చట్టం 94వ సెక్షన్‌లో వరస స్పష్టంగా ఉంది. మొదట బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం లేదా మెట్రిక్ సర్టిఫికెట్, అది లేకపోతే మునిసిపాలిటీ లేదా పంచాయతీ జనన పత్రం, రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. మణికట్టు, మోచేయి ఎక్స్‌రేలలో ఎముకల చివళ్లు ఎంతవరకు అతుక్కున్నాయో చూసి డాక్టరు ఒక అంచనా చెబుతారు. దానికి అటూ ఇటూ రెండేళ్ల తేడా ఉండవచ్చని సుప్రీంకోర్టు 1982లో జయమాల కేసులోనే అంది. సికిల్ జబ్బున్న పిల్లల్లో ఎముకల ఎదుగుదల ఆలస్యమవుతుంది కూడా. ఈ జిల్లాలో ఎక్స్‌రే చదివే డాక్టరుకు ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి.

కాబట్టి బరువంతా బడి రిజిస్టరు మీదే పడుతుంది. ఆ తేదీని దేన్ని చూసి రాశారో చెప్పలేకపోతే దానికి విలువ ఉండదని 1988లో బిరద్‌మల్ సింఘ్వీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రిజిస్టరులో తేదీ పక్కన ఆధారం రాసే గడి చాలా పేజీల్లో ఖాళీగా ఉంది. జనన పత్రమైతే దాని నంబరు, అంగన్‌వాడీ కార్డైతే ఆ మాట, తల్లి నోటిమాటే అయితే అదీ ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టించాలి. సోమవారం ఆరో తరగతి పేజీలతో మొదలుపెట్టాలి.