ఇంగా అర్వాద్ ఫైలు చదవాలంటే ముందు తేదీలు

విజయనగరం మూడులాంతర్ల దగ్గర టీకొట్లో ఒకడన్న మాట గంటస్తంభం చేరేసరికి పదిమంది అన్నట్టవుతుంది. డేనిష్ విలేకరి ఇంగా అర్వాద్ జర్మనీ గూఢచారి అన్న అనుమానంతో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ కట్టిన ఫైలూ అలాగే పెరిగింది. వెయ్యి పేజీలు దాటిన ఆ కట్టలో గూఢచర్యానికి రుజువు ఒక్కటీ దొరకలేదు. విజయనగరం, శ్రీకాకుళం వైపు పాత కాగితాలు తిరగేసి వ్యాసాలు రాసే కుర్రాళ్లకి ఇంతకంటే మంచి అభ్యాసం లేదు.

ఒక పొడుగు నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయండి: తేదీ, ఎవరు చెప్పారు, చూశారా విన్నారా, అప్పటికి నిజంగా ఏం జరిగి ఉంది. నాలుగో గడే ప్రాణం. దాన్ని వదిలేస్తే 1935ని 1942 కళ్లతో చదివేస్తాం.

ఆవిడ మీద అనుమానాలు మూడు. మొదటిది హిట్లర్. ఆవిడ అతన్ని ఇంటర్వ్యూ చేసింది 1935లో. మరుసటేడు బెర్లిన్ ఒలింపిక్స్‌కి అతని అతిథిగా వెళ్లింది. జర్మన్ సేనలు డెన్మార్క్‌లో దిగిందేమో 1940 ఏప్రిల్ 9న. ఈ తేదీలు పక్కపక్కన పెడితే మొదటి అనుమానం సగం బరువు తగ్గుతుంది. సగమే. అంత దగ్గరగా వెళ్లిన మనిషిని యుద్ధకాలంలో ఏ ప్రభుత్వమైనా విచారిస్తుంది, అందులో తప్పు పట్టలేం.

రెండోది డబ్బు. ఆవిడ భర్త పాల్ ఫేయోష్ పెరూ యాత్రకి సొమ్మిచ్చింది స్వీడన్ పారిశ్రామికవేత్త వెన్నర్-గ్రెన్. నాజీలతో సంబంధాలున్నాయన్న అనుమానంతో 1942 జనవరిలో అమెరికా ఆయన్ని నల్లజాబితాలో పెట్టింది. మచ్చ ఆయనది, ఫైలు ఈవిడది.

మూడోది ప్రేమ. వాషింగ్టన్ టైమ్స్-హెరాల్డ్‌లో కాలమ్ రాస్తూ, అదే పత్రికలో పనిచేసే కాథ్లీన్ కెనడీ ద్వారా, కాథ్లీన్ అన్న, తర్వాత అమెరికా అధ్యక్షుడైన జాన్ కెనడీకి అర్వాద్ పరిచయమైంది. అతనప్పుడు నౌకాదళ గూఢచార విభాగంలో చిన్న అధికారి. 1942 జనవరి 12న వాల్టర్ విన్‌చెల్ తన కాలమ్‌లో ఈ సంగతి బయటపెట్టాడు. రోజుల్లోనే కెనడీని చార్ల్‌స్టన్‌కి బదిలీ చేశారు. ఫిబ్రవరిలో ఆవిడ అక్కడికి వెళ్తే హోటల్ గదిలో మైకులు పెట్టి విన్నారు. వినపడింది ప్రేమికుల మాటలే.

మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. ఒకే దారంతో కుట్టేసరికి ఒక కథలా కనిపిస్తాయి. ఇక్కడే కొత్తవాళ్లు బోల్తాపడతారు: ఒక నివేదికలో ‘అనుమానం’ అని ఉన్నది, తర్వాతి దాంట్లో ‘ఇదివరకే తెలిసిన సమాచారం’ అయిపోతే దాన్ని రెండో సాక్ష్యంగా లెక్కేస్తారు. రెండూ పుట్టింది ఒక నోటి నుంచే అయితే మీ నోటుబుక్కులో ఒకే వరసలో పడాలి. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆవిడ మీద తోటి విద్యార్థి ఇచ్చిన ఫిర్యాదు నుంచి మొదలుపెట్టి వెతకండి.

కెనడీ నడిపిన యుద్ధపడవ పీటీ-109 మునిగింది 1943 ఆగస్టు 2న. ఆ కథ అతని నోట విని 1944 జనవరిలో పత్రికకి రాసింది కూడా అర్వాదే. అనుమానపు కాగితాలు మాత్రమే చదివేవాళ్లకి ఈ సంగతి కనపడదు.

ఇదే పద్ధతిలో మన 1942 వెతకాలంటే, అంటే ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డ రోజుల పుకార్లు, శ్రీకాకుళం జిల్లా అని వెతక్కండి. అది ఏర్పడింది 1950లో, విజయనగరం జిల్లా 1979లో. అప్పటి కాగితాల్లో రెండూ విశాఖపట్నం జిల్లా కిందే ఉంటాయి. శ్రీకాకుళం ఊరి పేరు చాలాచోట్ల ‘చికాకోల్’ అని కనిపిస్తుంది.