మా బడిలో మాట్లాడటానికి పదిహేడో ఎక్కం చెప్పాల్సొచ్చింది

కెన్యా వెళ్లడానికి ఇంత తిరగలేదు. పాస్‌పోర్టులున్నాయి, హైదరాబాద్ నారాయణగూడలో ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని పసుపు పుస్తకం తీసుకున్నాం, విమానం ఎక్కాం. పెదనాన్న కొడుకు, నేనూ విక్టోరియా సరస్సు ఒడ్డునున్న కిసుము ఊరి దగ్గర ఒక పల్లెబడిలో వాననీటి ట్యాంకు పనికి స్వచ్ఛందంగా వెళ్లాం. రేకుల కప్పుకి గొట్టాలు బిగించడం, దిమ్మె కట్టడం, ఇసుక మోయడం. తిరిగొచ్చాక, ఇద్దరం ఐదో తరగతి దాకా చదివిన మండల పరిషత్ బడిలో పిల్లలకి ఓ గంట ఆ కబుర్లు చెబుదామనుకున్నాం. మాది కొల్లేటి పక్క ఊరు.

హెచ్ఎం మేడమ్ మంచావిడే. "నాకేం అభ్యంతరం లేదమ్మా. పైనుంచి ఒక ముక్క రాయించుకు రండి. రేపెవరైనా ఫోటో తీసి పెడితే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది నేనే" అంది. న్యాయమే అనిపించి మండల కేంద్రంలో ఆఫీసుకెళ్లాం.

అక్కడి గుమాస్తా అర్జీ చదవకుండానే "ఏ పార్టీ?" అన్నాడు. ఏ పార్టీ కాదన్నాం. "చందాలా?" కాదు. "ప్రార్థనలవీ చేయించరు కదా?" లేదండీ, ట్యాంకు కట్టొచ్చాం, దాని గురించి చెబుతాం అన్నాం. "ఒకటో తరగతి పిల్లలకి ట్యాంకెందుకు?" అని, అప్పుడు అర్జీ వంక చూశాడు. "పూర్వ విద్యార్థులం అని రాశారు. రుజువేది?"

టెన్త్ మార్కుల లిస్టు చూపిస్తే అది హైస్కూలుది అన్నాడు. ఆధార్‌లో ఊరుంది గానీ బడి లేదు. స్టడీ సర్టిఫికెట్ తెమ్మన్నాడు. అది ఇవ్వాల్సింది హెచ్ఎం. మేడమ్ బీరువా తీసి పాత అడ్మిషన్ రిజిస్టర్ దులిపింది. అన్నయ్య పేరు దొరికింది. నా పేరున్న వరసని చెదలు తినేశాయి, ఇంటిపేరు, తారీఖు మాత్రం మిగిలాయి. ఉన్నది ఉన్నట్టు రాసి స్టాంపు వేసిచ్చింది. పట్టుకెళ్తే, "ఇంటిపేరు చాలదమ్మా, మీ ఊళ్లో సగం మందికి అదే ఇంటిపేరు" అన్నాడు.

సెలవు కాగితాల కోసం వచ్చిన టీచర్లు ఎనిమిది మందో పది మందో బల్లల మీద కూర్చుని ఉన్నారు. మాకు కుర్చీ లేదు. అందరి ముందూ మొదలెట్టాడు. ఐదో క్లాసులో మాస్టారెవరు? బడికి ఎన్ని గదులు? బోరింగు ఏ పక్కన? అన్నీ చెప్పాను. "మరి ఎక్కాలొచ్చా? పదిహేడో ఎక్కం చెప్పు, వదిలేస్తా" అన్నాడు. గది మొత్తం నవ్వింది. టీచర్లు కూడా. ఉద్యోగం చేసుకుంటున్నదాన్ని, పక్కన అన్నయ్య మొహం కందగడ్డైపోయింది, పదమంటూ చెయ్యి పట్టుకు లాగుతున్నాడు. నేను కదల్లేదు. పదిహేడొకట్ల దగ్గర మొదలెట్టి నూట డెబ్బై దాకా ఎక్కడా ఆగకుండా అప్పజెప్పాను. మా మాస్టారి బెత్తం దగ్గర నేర్చింది, ఎక్కడికి పోతుంది? నవ్విన టీచర్లలో ఎంతమందికి వస్తుందో నాకు అనుమానమే.

ఫైలు లోపలికెళ్లింది. లోపలి ఆఫీసరు సంతకం పెడుతూ, "ఇంత చిన్నదానికి నా దాకా ఎందుకొచ్చారు? హెచ్ఎం చూసుకుంటుందిగా" అన్నారు. ఆ మాటకి వచ్చినంత ఒళ్లుమంట ఎక్కానికీ రాలేదు.

బడిలో గంట ఇట్టే అయిపోయింది. టీవీ పెట్టాలంటే రిమోటున్న బీరువా తాళం ఇంకో టీచరు దగ్గరుంది, ఆయన సెలవు. పోనీలే అని అన్నయ్య బోర్డు మీద విక్టోరియా సరస్సు గీశాడు. "మన కొల్లేరంత ఉంటదా?" అన్నాడొకడు. కొల్లేరు అభయారణ్యం 308 చదరపు కిలోమీటర్లు, అది 68,000 పైనే, ఇలాంటివి రెండొందలు పడతాయిరా అంటే నమ్మలేదు. ఆ సరస్సులోనూ గుర్రపుడెక్క అల్లుకుపోయి పడవలు కదలవని చెప్పాక నమ్మారు. "మా నాన్న కాలవలో రోజూ లాగుతాడు" అని ఒక పిల్ల లేచింది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క ఇద్దరి నీళ్లలోనూ పడిందన్నాను. మీరు తొమ్మిదింటికి బడికొచ్చే వేళకి అక్కడ ఆరున్నర, అప్పుడే తెల్లారుతుంటుంది, భూమధ్యరేఖ పక్కనే కాబట్టి ఏడాదంతా దాదాపు అంతే అన్నాను. మొక్కజొన్న పిండి ఉడికించి గట్టిగా తిప్పిన ఉగాలిని చేత్తోనే తింటారనీ, ఒమెనా అనే చిన్న చేపల్ని ఇసుక మీద ఎండబెడతారనీ చెబితే "ఎండుచేపలే!" అని గోల. ప్రభాస్ తెలుసా అని అడిగారు. సింహం వచ్చిందా అని అడిగారు. సింహం కాదుగానీ సరస్సులో నీటిగుర్రాలుంటాయి, రాత్రి గడ్డి మేయడానికి ఒడ్డెక్కుతాయి అనగానే ట్యాంకు సంగతి ఎవరికీ పట్టలేదు.

మీరూ ఇలా చెప్పాలనుకుంటే, అక్కడి పిల్లల చిరుగు చొక్కాల ఫోటోలు చూపించి మన పిల్లల చేత అయ్యో అనిపించకండి. ఆ పిల్లలు ఇస్త్రీ స్వెట్టర్లు వేసుకుని వచ్చేవాళ్లు, మా ఇద్దరి బట్టలే సిమెంటు కొట్టుకుని ఉండేవి. విదేశాలకెళ్లి నల్లపిల్లల్ని ఎత్తుకుని ఫోటోలు దిగొచ్చి ఇక్కడ దండలేయించుకునేవాళ్లంటే నాకు మంట. ఆఫీసుల జోలికి పోకండి. శనివారం పుస్తకాల సంచి లేకుండా నో బ్యాగ్ డే పెడుతున్నారు, హెచ్ఎంని నేరుగా అడగండి. రాతకోతలు కావాలంటే గుమాస్తాని దాటేసి ఆఫీసర్నే కలవండి.

తర్వాతి వారం ఆ గుమాస్తానే ఫోన్ చేశాడు. నివేదికలో పెట్టడానికి ఫోటోలు కావాలట, ఆఫీసు పేరున్న బ్యానరు కనపడేలా. బ్యానరు కట్టలేదండీ అని పెట్టేశాను.